రమోన్స్ టూర్ హోమ్ వీడియో: పాటలేవి? అంతా వ్యానేనా?

చింతచిగురు
ఈ వారాంతం న్యూయార్క్ పంక్ రాక్ బ్యాండు రమోన్స్ వీడియో 'రా' చూశాను. డ్రమ్మర్ మార్కీ రమోన్ టూర్లలో సొంత కెమెరాతో తీసిన వీడియోలే అందులో చాలా భాగం. వాటిని జాన్ కాఫియెరో కూర్చి 2004లో డీవీడీగా తెచ్చాడు. ఎన్నాళ్ల నుంచో వెతుకుతుంటే పాత డిస్కులమ్మే షాపులో దొరికింది. లైట్లార్పి, సౌండు పెంచి కూర్చున్నాను.

తీరా చూస్తే వ్యాను. హోటల్ గది. మళ్లీ వ్యాను. ఎవరో ఏదో అంటారు, పక్కవాళ్లు నవ్వుతారు, ఆ మాట నాకు సరిగ్గా వినపడదు. కెమెరా ఊగిపోతుంటుంది. ఆ బ్యాండంటే నాకు ప్రాణం. ఇంటర్‌లో ఉండగా మా అన్నయ్య తెచ్చిన క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నాను. అందుకే బాధేసింది. పాటల కోసం కూర్చుని, కిటికీలోంచి రోడ్డు చూసి లేచాను. దీన్ని ఇంతమంది ఎందుకు మెచ్చుకుంటారు? నేను చూడటంలోనే ఏమైనా తేడా ఉందా?

మూడుకార్డులు
డ్రమ్మర్ రెండు చేతుల్లో కర్రలుంటాయి కదండీ. స్టేజీ మీద ఉన్నంతసేపూ కెమెరా ఎవరు పట్టుకుంటారు? మార్కీ ఖాళీగా ఉన్నప్పుడు తీసిందే మనకు దక్కేది. ఖాళీ అంటే వ్యానే.

చింతచిగురు
అయ్యో, ఇది నాకు తట్టనేలేదు.

గోదారిగాలి
తట్టినా తట్టకపోయినా నేను చింతచిగురు వైపే. ఎవరో సరదాకి తీసుకున్నది వాళ్లింట్లో చూసుకోవాలి. డబ్బు పెట్టి కొన్నవాళ్లకి పాట కావాలి. మా చుట్టాల ఊటీ ట్రిప్ వీడియో మూడు గంటలు చూడమంటే నేను చూస్తానా? కచేరీ కావాలంటే వాళ్ల లైవ్ రికార్డు 'ఇట్స్ అలైవ్' వినండి. 1977 డిసెంబర్ 31 రాత్రి, లండన్ రెయిన్‌బో థియేటర్. 28 పాటలు, గంటలోపే అయిపోతాయి. వ్యానూ లేదు, హోటలూ లేదు.

క్వీన్స్_రాజు
గోదారిగాలి గారూ, మీరన్న రికార్డు నాకూ ఇష్టమే. కానీ ఒక లెక్క చెబుతాను, వినండి. నేనుండేది న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో. వాళ్లు పెరిగిన ఫారెస్ట్ హిల్స్ మా ఇంటికి రెండు స్టేషన్ల దూరం. కాబట్టి కొంచెం అభిమానం ఎక్కువే అనుకోండి.

మొదటి ప్రదర్శన 1974 మార్చి 30. చివరిది 1996 ఆగస్టు 6, హాలీవుడ్‌లోని ప్యాలెస్‌లో. మధ్యలో మొత్తం 2,263 ప్రదర్శనలు. ఒక్కోటి అటూ ఇటూగా గంట. అన్నీ కలిపి 24తో భాగించండి. 94 రోజులు! ఇరవై రెండేళ్లలో వాళ్లు స్టేజీ మీద గడిపింది మూడు నెలలు, పైన నాలుగు రోజులు. మిగతా కాలంలో చాలా మటుకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతూ గడిచింది. ఆ మూడు నెలలనీ మంచి కెమెరాలు, మంచి మైకులు పెట్టి చాలామంది పట్టారు. మిగతాదాన్ని పట్టింది ఎవరు? లోపల కూర్చున్నవాడే పట్టాలి. బయటివాడు కెమెరా తెస్తే అందరూ సర్దుకు కూర్చుంటారు. మార్కీ తీస్తే సర్దుకోరు. రోజూ చూసే మొహమే కదా.

ఇంకోటి. ఆ వ్యాన్‌లో సింగర్ జోయీ, గిటారిస్టు జానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. 1980ల మొదట్లో జోయీ స్నేహితురాలు లిండా జానీ దగ్గరికి వెళ్లిపోయింది, తర్వాత వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. అయినా బ్యాండు ఆగలేదు. 1996 దాకా ఇద్దరూ అదే స్టేజీ ఎక్కారు, అదే బండిలో తిరిగారు. ఈ సంగతి తెలిశాక ఆ వ్యాన్ సీన్లు ఇంకోసారి చూడండి. ఎవరు ఎటు చూస్తున్నారో గమనించండి.

నిద్రలేనిరాత్రి
సరిగ్గా ఆ కారణానికే నేను చూడలేకపోయాను. ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా బండిలో కూర్చున్నారు. మధ్యలో మూడోవాడి చేతిలో కెమెరా. అది అమ్మకానికొచ్చేసరికి జోయీ లేడు. 2001 ఏప్రిల్ 15న పోయాడు. బాస్ గిటార్ వాయించిన డీడీ 2002 జూన్‌లో. జానీ 2004 సెప్టెంబర్‌లో. పోయినవాళ్లను ఎవరు అడిగారు?

మూడుకార్డులు
మార్కీ దొంగచాటుగా తియ్యలేదు కదా. కెమెరా అందరికీ కనబడుతూనే ఉంది. వద్దనుకుంటే అప్పుడే వద్దనేవాళ్లు.

నిద్రలేనిరాత్రి
వ్యాన్‌లో 'మనవాడు తీస్తున్నాడు' అని ఒప్పుకోవడం వేరు, ముప్పై ఏళ్ల తర్వాత నేను విశాఖలో కూర్చుని చూస్తానని ఒప్పుకోవడం వేరు. అది వాళ్ల ఊహలోనే లేదు.

డ్రమ్ముకర్ర
మీరిద్దరూ చెప్పేది నిజమే కానీ తియ్యకపోతే ఏమవుతుందో నన్నడగండి. 2011లో మా బ్యాండు హైదరాబాద్ నుంచి బెంగళూరు, పుణే వెళ్లింది. మూడు ప్రదర్శనలు, అంతా స్లీపర్ క్లాసులోనే. మా డ్రమ్ములు పై బెర్తు మీద పడుకుంటే మేం నలుగురం కింద కూర్చున్నాం. టీసీ వచ్చి పై బెర్తు ప్యాసింజర్ టికెట్ ఏదన్నాడు. మా సింగర్ స్నేర్ డ్రమ్ము మీద దుప్పటి కప్పి, 'ఒంట్లో బాలేదు సార్, లేపకండి' అన్నాడు. టీసీ కూడా నవ్వేశాడు. అదంతా ఒకే ఫోన్‌లో తీశాం. పుణే స్టేషన్‌లో ఆ ఫోన్ పోయింది. స్టేజీ మీద వాయించింది వేరేవాళ్లు తీశారు, ఇంకా ఉంది. నేను ఎప్పుడూ చూడను. ఆ బెర్తు కోసం మాత్రం ఇప్పటికీ మనసు పీకుతుంది.

చింతచిగురు
ఒంట్లో బాలేని స్నేర్ డ్రమ్ము! పాపం.

రీలుమాస్టారు
పాటలెందుకు లేవన్న ప్రశ్నకు ఇంకో జవాబు మైకులో ఉంది. ఆ రోజుల హ్యాండీక్యామ్‌లో సౌండు తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉండేది. మెల్లగా మాట్లాడితే పెంచుతుంది, గట్టిగా అరిస్తే తగ్గిస్తుంది. పుట్టినరోజు పార్టీకి బాగానే ఉంటుంది. పంక్ బ్యాండు ముందు పెడితే అది తట్టుకోలేదు. డ్రమ్ము దెబ్బ పడగానే మొత్తం నొక్కేస్తుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య మళ్లీ లేస్తుంది. వింటుంటే ఆయాసం వచ్చినవాడు ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. పాట ఏదో పోల్చుకోవడమే కష్టం. అలాంటి రీళ్లు ఎవరైనా ఎడిటింగ్‌లో పక్కన పెట్టేస్తారు.

స్టేజీ మైకులన్నీ కలిసే సౌండ్ మిక్సర్ నుంచి వైరు లాగి రికార్డు చేస్తే సరిపోదా అని కొత్తవాళ్లు అడుగుతారు. పెద్ద హాల్లో సరిపోతుంది. చిన్న క్లబ్బులో గిటార్ ఆంప్ గదంతా అదిరేలా మోగుతుంది, దానికి మైకు అవసరం ఉండదు. మిక్సర్‌లోకి వెళ్లేది గొంతు ఒక్కటే. తీరా ఇంటికొచ్చి వింటే సింగర్ ఒక్కడే అరుస్తుంటాడు, గిటార్ పక్కింట్లో వాయిస్తున్నట్టుంటుంది.

గోదారిగాలి
మాస్టారూ, మరి డాన్ లెట్స్ తీసిన లండన్ రీళ్లలో పాటలున్నాయిగా? అదీ హోమ్ కెమెరాయేగా?

రీలుమాస్టారు
మంచి ప్రశ్న. డాన్ లెట్స్ తీసింది వీడియో టేపు మీద కాదు, సూపర్ 8 ఫిల్ము మీద. ఆయన 1977లో లండన్ రాక్సీ క్లబ్బులో డీజే. వచ్చిన బ్యాండులన్నిటినీ తీసి, 1978లో సినిమాగా వేశాడు. సూపర్ 8 కార్ట్రిడ్జిలో 50 అడుగుల ఫిల్ము ఉంటుంది. సెకనుకు 18 ఫ్రేములైతే 3 నిమిషాల 20 సెకన్లు వస్తుంది, 24 అయితే రెండున్నర నిమిషాలు. అంటే ఒక పంక్ పాట. కార్ట్రిడ్జి ఖరీదు, ఆపైన కడిగించే ఖర్చు. జేబులో నాలుగు కార్ట్రిడ్జీలుంటే వ్యాన్ కిటికీకి ఎవడు ఖర్చు పెడతాడు? పాట మొదలయ్యాకే మీట నొక్కుతాడు.

వీడియో 8 అనే చిన్న వీడియో క్యాసెట్టు వచ్చాక రెండు గంటలు తీరిగ్గా తియ్యొచ్చు. నచ్చకపోతే దాని మీదే మళ్లీ రికార్డు చెయ్యొచ్చు. అప్పుడే మనుషులు ఊరికే తియ్యడం మొదలెట్టారు. మార్కీ వీడియోలో మీకు విసుగనిపించిందంతా ఆ చవక క్యాసెట్టు ఇచ్చిందే. ఫిల్ము మీదైతే అది పుట్టేదే కాదు.

చింతచిగురు
మాస్టారూ, ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. అయినా గోదారిగాలి అన్నట్టు, మంచి ఎడిటర్ కూర్చుంటే ఆ వ్యాను సగానికి సగం తగ్గేది కదా అని నాకింకా ఉంది.

బెజవాడ_వీడియో
అమ్మా, నేను 1991 నుంచి పెళ్లి వీడియోలు తీశాను. వీహెచ్ఎస్ కెమెరా భుజం మీద, సన్‌గన్ లైటు పట్టుకోడానికి ఒక కుర్రాడు. పంక్ అంటే నాకు మా అబ్బాయి చెబితేనే తెలిసింది. టేపుల సంగతి మాత్రం నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మూడు గంటల పెళ్లి క్యాసెట్టులో మేం శ్రద్ధగా తీసేది జీలకర్రబెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు. ఫోకస్ చూసుకుంటాం, లైటు చూసుకుంటాం. మిగతాది, అంటే విడిదింట్లో కాఫీలు, వంటవాళ్లు గాడిపొయ్యి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకోవడం, ఎవరో పెద్దాయన కండువా మొహాన వేసుకుని కునుకు తియ్యడం, అదంతా కెమెరా వేడెక్కాక కుర్రాడి చేతికిస్తే వాడు ఇష్టమొచ్చినట్టు తీసేది. మిక్సింగ్‌లో అది కోసేసేవాళ్లం. ఇప్పుడు ఇరవై, ముప్పై ఏళ్లకి వాళ్లే వచ్చి క్యాసెట్టు పెన్‌డ్రైవ్‌లో వెయ్యమంటారు. మా కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తారు. మంగళసూత్రం దగ్గర ఎవరూ ఆపమనరు. 'ఆపండి ఆపండి, వెనక్కి తిప్పండి, అది మా మేనత్త' అనేది ఎక్కడో తెలుసా? ఆ విడిదింటి దగ్గర. కోసేసిన చోట ఉండే మేనత్తలు ఎంతమంది పోయారో. నాకు ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే ఎడిటర్ కూర్చుంటే బాగుండేది అంటే మనసు ఒప్పదు.

క్వీన్స్_రాజు
బాబాయ్, మీ పోస్టు రెండుసార్లు చదివాను.

వ్యాన్‌వెనకసీటు
ఇన్నాళ్లూ ఈ గుంపులో చదవడమే తప్ప రాయలేదు. బెజవాడ గారి మాట చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

1996లో ఒహాయోలో ఎమ్మెస్ చేస్తున్నాను. నా రూమ్మేట్ అమెరికన్ కుర్రాడు, ఒక పంక్ బ్యాండులో బాస్ గిటార్ వాయించేవాడు. బ్యాండు పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. ఆ వేసవిలో వాళ్లకి 19 రోజుల టూరు. డ్రైవరు కావాలి, లైసెన్సు ఉండాలి, తాగకూడదు. ఈ మూడూ కలిసింది నాలోనే. నేను వెళ్లేటప్పుడు ఒక సెకండ్‌హ్యాండ్ హై8 కెమెరా, అంటే చిన్న క్యాసెట్టు వీడియో కెమెరా కొన్నాను. ఇంటికి పంపి అమెరికా చూపిద్దామని నా ఆలోచన. అమెరికా తక్కువ తీశాను, వీళ్లనే ఎక్కువ తీశాను. ఏడు టేపులు.

ఏముందో నాకు గుర్తున్నంత వరకు చెబుతాను. ఎవరో ఇంటి కింద బేస్‌మెంట్‌లో ప్రదర్శన. ముప్పై మంది. తలుపు దగ్గర ఐదు డాలర్లు. అయిపోయాక వ్యాను బానెట్ మీద ఫ్లాష్‌లైట్ పెట్టి డబ్బు లెక్కపెట్టడం. ఒక రాత్రి 43 డాలర్లు వచ్చాయి. పెట్రోలుకు తీసి పక్కన పెట్టాక ఐదుగురికి నాలుగు బర్గర్లు మిగిలాయి. నేను శాకాహారిని కాబట్టి లెక్క సరిపోయిందని నవ్వుకున్నాం. నాకు ఫ్రెంచ్ ఫ్రైస్. రాత్రి ఆ ఇంటివాళ్ల కార్పెట్ మీదే పడక. మా రూమ్మేట్ ప్రదర్శనకు ముందు ఒక పాత సాక్సుతో బాస్ తీగలు తుడుచుకునేవాడు, ఒక్కో తీగ, పై నుంచి కింద దాకా, ఎవరితో మాట్లాడకుండా. అది చాలాసార్లు తీశాను.

వాడు 2009లో చనిపోయాడు. మొన్న వాళ్లమ్మగారు నన్ను వెతికి పట్టుకుని ఉత్తరం రాశారు, నీ దగ్గర వీడియోలున్నాయని విన్నాను అని. టేపులు ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉన్నాయి. కెమెరా ఎప్పుడో పోయింది. ఒక టేపు మీద తెల్లగా ఏదో పట్టింది. ఇంకొక సంగతి, ఒక టేపులో సింగర్‌కీ మా వాడికీ పార్కింగ్ స్థలంలో పెద్ద గొడవ ఉంది. చేతులదాకా వెళ్లింది. అది ఆవిడకు పంపాలా? పంపకపోతే దాచినట్టవుతుందా? నిద్రలేనిరాత్రి గారి మాటలు చదివాక ఇంకా టెన్షన్ పట్టుకుంది.

బెజవాడ_వీడియో
తెల్లగా పట్టింది బూజు. ఆ టేపు ఏ మిషన్‌లోనూ పెట్టకండి. బూజు టేపును చదివే హెడ్డుకి అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి టేపుకీ అంటుకుంటుంది. దాన్ని ఒక కవర్లో వేసి మిగతావాటి నుంచి దూరంగా పెట్టండి. మిగిలిన ఆరు ముందు చూద్దాం.

రీలుమాస్టారు
వెనకసీటు గారూ, ముందు మిషన్ సంగతి. మీ కెమెరా అమెరికాలో కొన్నది కాబట్టి టేపులు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉంటాయి. 525 గీతలు, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు. మన దేశంలో అమ్మినవి పాల్ పద్ధతి, 625 గీతలు, 25 ఫ్రేములు. ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌లో దొరికే హ్యాండీక్యామ్‌లో పెడితే బొమ్మ సరిగ్గా రాదు, టేపు పాడైందనుకుని పారేస్తారు. అలా పారేసినవాళ్లను చూశాను. అమెరికా కెమెరాయే తెప్పించుకోండి.

1999లో డిజిటల్ 8 అని ఒక రకం కెమెరా వచ్చింది. అందులో కొన్ని మోడళ్లు పాత హై8 టేపుల్ని కూడా చదువుతాయి, ఫైర్‌వైర్ వైరు ద్వారా నేరుగా కంప్యూటర్‌లోకి ఇస్తాయి. అన్ని మోడళ్లూ కాదు, కొనేముందు అడగండి.

క్వీన్స్_రాజు
నా దగ్గర ఒకటుంది! మా బాబు పుట్టినప్పుడు కొన్నాను. పాత హై8 కూడా ఆడుతుంది, పోయిన ఏడాదే వాడాను. వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాను, తెస్తాను. అడ్రసు మెసేజ్ చెయ్యండి.

వ్యాన్‌వెనకసీటు
రాజు గారూ, ఏమనాలో తెలియట్లేదు. చాలా చాలా థ్యాంక్స్.

మూడుకార్డులు
గొడవ టేపు గురించి. మీరు ఏదీ చెరపకండి. పంపడం, ఉంచడం రెండు వేర్వేరు పనులు. లండన్ పంక్ బ్యాండు క్లాష్ సంగతి తెలుసుగా. 1981లో న్యూయార్క్‌లో బాండ్స్ అనే హాల్లో 17 ప్రదర్శనలిచ్చారు. డాన్ లెట్స్ దాన్ని తీశాడు. నెగటివ్ దాచిన చోట అద్దె ఎవరూ కట్టలేదు, అది నాశనమైపోయింది. ఇప్పుడు మనం చూసేది ఎడిటింగ్ కోసం వేసుకున్న కాపీలో మిగిలిన ముక్క. పోగొట్టుకోవడం అంత తేలిక.

నిద్రలేనిరాత్రి
చెరపమని నేను కూడా అనను. వెనకసీటు గారూ, నా మాటలకు టెన్షన్ పడొద్దు. నా బాధ బజార్లో అమ్మడం గురించి. మీది అమ్మకి చూపించే సంగతి. గొడవ ఉందని ముందే ఉత్తరంలో చెప్పండి. చూడాలో వద్దో ఆవిడ తేల్చుకుంటారు. ఆ సింగర్ బతికే ఉంటే ఆయన్నీ ఒక మాట అడగండి.

గోదారిగాలి
ఇక్కడ నేను నిద్రలేనిరాత్రితో ఏకీభవిస్తాను, మొదటిసారి.

డ్రమ్ముకర్ర
గొడవలు లేని టూరు ఉంటుందా అండీ? 1982లో యూత్ బ్రిగేడ్, సోషల్ డిస్టార్షన్ అనే రెండు పంక్ బ్యాండులు కలిసి పాత స్కూల్ బస్సులో అమెరికా, కెనడా తిరిగారు. ఆ టూరు మీద తీసిన డాక్యుమెంటరీ 'అనదర్ స్టేట్ ఆఫ్ మైండ్' చూడండి. బస్సు ఆగిపోతుంది, డబ్బుండదు, మనుషులు విసిగిపోయి మధ్యలో ఇళ్లకెళ్లిపోతారు. ఆ విసుగంతా కనబడుతుంది. అయినా వాళ్ల మీద గౌరవం పెరుగుతుందే కానీ తగ్గదు.

చింతచిగురు
నేను నిన్న రాత్రి 'రా' మళ్లీ పెట్టాను. ఈసారి సౌండు తగ్గించి. రాజు గారు చెప్పినట్టు ఎవరెటు చూస్తున్నారో చూస్తూ కూర్చున్నాను. దక్షిణ అమెరికాలో అభిమానులు చుట్టుముట్టే చోట ఒళ్లు గగుర్పొడిచింది. అమెరికాలో చిన్న హాళ్లలో వాయించేవాళ్లని అక్కడ దేవుళ్లలా చూడటం! మొదటిసారి ఆ సీనూ 'వ్యానే కదా' అని వదిలేశాను.

క్వీన్స్_రాజు
1996 మార్చి 16న బ్యూనస్ ఐర్స్‌లో రివర్ ప్లేట్ ఫుట్‌బాల్ స్టేడియంలో వాయించారు. అదే ఏడాది ఆగస్టులో బ్యాండు ముగిసిపోయింది. సొంత దేశంలో ఆ ఆదరణ వాళ్లు ఉండగా రాలేదు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఆ గుండ్రటి గుర్తున్న టీషర్టులే. ఆర్తురో వేగా వేసిన బొమ్మ అది. ఆ చొక్కా వేసుకున్న చాలామందికి అది బ్యాండు పేరని కూడా తెలియదు, నాకు అది చూస్తే కడుపు మండుతుంది.

వ్యాన్‌వెనకసీటు
(నెలన్నర తర్వాత)
రాజు గారు కెమెరా తెచ్చిచ్చారు, మా ఇంట్లో భోజనం చేసి వెళ్లారు. రీలుమాస్టారు రెండు రాత్రులు ఫోన్‌లో ఉండి నా చేత పని చేయించారు. బెజవాడ గారు చెప్పినట్టు ప్రతి టేపునీ ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు ఆడించాను. ఐదు టేపులు వచ్చాయి. అక్కడక్కడా తెల్లటి గీతలు, అంతే.

గొడవ ఉన్నది మూడో టేపులో. నాకు గుర్తున్నంత పెద్దది కాదు. నలభై సెకన్లు. ఇద్దరూ తోసుకున్నారు, డ్రమ్మర్ మధ్యలోకొచ్చాడు, తర్వాత మా వాడు వ్యాను తలుపు దడాలున వేశాడు. ఇన్నేళ్లూ నా బుర్రలో అది అరగంట నడిచింది. సింగర్‌తో మాట్లాడాను, పంపెయ్యమన్నాడు. వాళ్లమ్మగారికి ముందే చెప్పాను, అన్నీ పంపమన్నారు. పంపాను.

నిన్న ఆవిడ ఫోన్ చేశారు. నాలుగో టేపులో పదకొండు నిమిషాలు మా వాడు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. డ్యాష్‌బోర్డు మీద కెమెరా పెట్టి ఆపడం మర్చిపోయాను. పక్క నుంచి లారీలు పోతుంటాయి, ఎండ మొహం మీద పడి పోతుంటుంది, ఒకచోట నేను తెలుగు పాట కూనిరాగం తీస్తుంటాను. ఇంకేమీ లేదు. పంపేముందు అది కోసేద్దామనుకుని చెయ్యి ఆపుకున్నాను. ఆవిడ అడిగింది ఆ ముక్క గురించే. ఆ పాట ఏమిటి, దాని అర్థమేమిటి అని. చెప్పాను. ఆ ముక్క ఇంకోసారి విడిగా పంపమన్నారు, ఆవిడ టీవీలో వేసుకోడానికి వీలుగా.

చింతచిగురు
ఆఫీసులో కూర్చుని చదివాను. కళ్లు తుడుచుకుంటుంటే పక్క సీటావిడ ఏమైందని అడిగారు.

గోదారిగాలి
మొదట నేనన్న ఊటీ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మూడుకార్డులు
ఏ పాట అన్నా?

వ్యాన్‌వెనకసీటు
మా అమ్మ పొద్దున ముగ్గేస్తూ పాడుకునేది. సినిమా పాట కాదు, దాని పేరు నాకూ తెలియదు.

ఆరో టేపు మాత్రం సగంలో ఇరుక్కుంది. కెమెరా లోపల కిచకిచమంటోంది. బలవంతంగా లాగాలంటే భయమేస్తోంది. రాజు గారి కెమెరా కూడా కదా.

బెజవాడ_వీడియో
లాగకండి. కెమెరా ఆపేసి బ్యాటరీ తీసి అలాగే ఉంచండి. ఎల్లుండి మా అబ్బాయి హైదరాబాద్ వస్తున్నాడు, చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె ఇచ్చి పంపుతాను. వాడు మూత విప్పాక నాకు వీడియో కాల్ చెయ్యండి, కెమెరా లోపల టేపు చుట్టుకుని తిరిగే హెడ్డు డ్రమ్ము మీంచి దాన్ని ఎలా తప్పించాలో చూపిస్తాను. ఆ బూజు పట్టిన ఏడోది కూడా వాడికే ఇచ్చెయ్యండి.